న్యాట్ తేడా కొడితే రూల్స్ పేజీ కాదు, సెషన్ టేబుల్ తెరవండి

ఆఫీసు నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా ఉండే పెట్టె ఫైర్‌వాల్. అందులో లోపలి అడ్రసులను బయటి అడ్రసులుగా మార్చే పని న్యాట్. అది తేడా కొట్టిందనగానే చాలామంది చెయ్యి నేరుగా రూల్స్ పేజీ మీదకే వెళ్తుంది. ఉన్న రూల్‌ని పైకి జరుపుతారు, కిందకి జరుపుతారు, పక్కన ఇంకోటి రాస్తారు. అదీ కుదరకపోతే ఎవరి నుంచి ఎవరికైనా అన్నీ వదిలేసే రూల్ ఒకటి పెట్టి చూస్తారు. అప్పటికీ లొంగకపోతే రీస్టార్ట్. రీస్టార్ట్ తర్వాత పని చేసిందా, ‘ఫైర్‌వాల్ హ్యాంగ్ అయింది, ఇప్పుడు ఓకే’ అని టికెట్ మూసేస్తారు. చేయలేదా, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకి ఫోన్.

ఈ అలవాటు మానాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇందులో టైమ్ వృథా అవడం ఒక ఇబ్బంది. అంతకంటే పెద్దది, తొందరలో పెట్టిన ఆ ‘అన్నీ వదిలేసే’ రూల్‌ని తర్వాత ఎవరూ తీయరు. ఇంకా పెద్దది, సమస్య ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియకుండానే పోతుంది. వచ్చే నెల అదే సమస్య అదే టైమ్‌కి మళ్లీ వస్తుంది. ఏం జరగాలని మనం అనుకున్నామో రూల్ చెబుతుంది. ఏం జరుగుతోందో తెలియాలంటే మాత్రం నడుస్తున్న కనెక్షన్లను ఫైర్‌వాల్ రాసుకునే సెషన్ టేబుల్ చూడాలి, ఫైర్‌వాల్‌కి రెండు వైపులా ప్యాకెట్లు పట్టి చూడాలి. ఈ రెండూ చూడకుండా రూల్ ముట్టుకోకూడదు.

ఎందుకంటే న్యాట్ అంటేనే జ్ఞాపకం. లోపలి కంప్యూటర్ 192.168.10.55 బయటికి ఒక ప్యాకెట్ పంపితే, ఫైర్‌వాల్ దాని సోర్స్ అడ్రస్ తీసేసి తన పబ్లిక్ అడ్రస్ వేస్తుంది, అవసరమైతే ఏ కనెక్షనో చెప్పే పోర్ట్ నంబరు కూడా మారుస్తుంది. ఆ మార్పుని ఒక టేబుల్‌లో రాసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఆ టేబుల్ చూసే వెనక్కి మారుస్తుంది. ఇటు చివర ఉన్న కంప్యూటర్‌కీ, అటు చివర ఉన్న సర్వర్‌కీ మధ్యలో జరిగిన ఈ మార్పు గురించి ఏమీ తెలియదు. తెలిసింది ఆ పెట్టె ఒక్కదానికే. కాబట్టి న్యాట్‌లో వచ్చే తప్పుల్లో చాలా భాగం ఆ జ్ఞాపకంలో వచ్చే తప్పులే: అసలు రాసుకోకపోవడం, తప్పుగా రాసుకోవడం, పాతది పట్టుకుని కూర్చోవడం, అవసరం ఉండగానే చెరిపేయడం, రాసుకోవడానికి చోటు లేకపోవడం.

ఈ ఏర్పాటు శాశ్వతంగా ఉండాలని మొదట ఎవరూ అనుకోలేదు. ఇంటర్నెట్ అడ్రసుల పాత పద్ధతి ఐపీవీ4లో మొత్తం అడ్రసులు 4,294,967,296. ఇవి చాలవని 1990ల మొదట్లోనే తెలిసిపోయింది. 1994 మేలో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం రాసి, అడ్రసులను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చంటూ న్యాట్‌ని ఒక స్వల్పకాలిక పరిష్కారంగానే ప్రతిపాదించారు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918లో మనకు రోజూ కనిపించే 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 ప్రైవేట్ అడ్రసులుగా ఉన్నాయి. 2011 ఫిబ్రవరి 3న అడ్రసులు పంచే సంస్థ ఐయానా తన దగ్గర మిగిలిన చివరి ఐదు /8 బ్లాకులనూ ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు పంచేసింది. స్వల్పకాలానికని వచ్చినది ముప్పై ఏళ్లు దాటినా మన ఆఫీసుల్లోనే ఉంది. దాన్ని బాగుచేసే పద్ధతి కూడా అంత శ్రద్ధగా నేర్చుకోవాలి కదా.

చాలామంది పట్టించుకోని ఒక విషయం ఉంది. న్యాట్ రూల్స్‌ని ఫైర్‌వాల్ ప్రతి ప్యాకెట్‌కీ చదవదు. లైనక్స్‌లో అయితే కనెక్షన్‌లో మొదటి ప్యాకెట్ మాత్రమే న్యాట్ రూల్స్ చూస్తుంది. ఆ తర్వాతవన్నీ కన్‌ట్రాక్ టేబుల్‌లో (లైనక్స్‌లో సెషన్ టేబుల్ పేరు ఇదే) రాసుకున్న దాని ప్రకారమే నడుస్తాయి. ఇప్పుడు మన పద్ధతి గుర్తు తెచ్చుకోండి. ఒక విండోలో అవతలి పెట్టె పలుకుతోందో లేదో చూసే పింగ్ ఆగకుండా నడుస్తూ ఉంటుంది, ఇంకో విండోలో రూల్స్ మారుస్తూ ఉంటాం. పింగ్ ఎప్పుడు దారిలో పడుతుందా అని చూస్తూ ఉంటాం. ఆ పింగ్ మొదలైనప్పుడు పడిన ఎంట్రీకి, ఖాళీగా ఉంటే 30 సెకన్లకి తుడిచేసే టైమౌట్ ఉంటే, సెకనుకొక ప్యాకెట్ దాన్ని మళ్లీ మళ్లీ బతికిస్తూనే ఉంటుంది. కొత్త రూల్ ఎంత సరిగ్గా రాసినా ఆ పింగ్ దాని దగ్గరికే వెళ్లదు. సరైన రూల్ రాసి, పని చేయలేదనుకుని తీసేసి, తప్పు రూల్ వైపు వెళ్లిపోవడం ఇలాగే జరుగుతుంది. పింగ్ ఆపి, ఆ ఎంట్రీ పోయిందని చూసుకుని, మళ్లీ మొదలుపెట్టి పరీక్షించాలి.

ఇదే విషయం ఐపీ ఫోన్ల దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది. రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్న ఒక ఆఫీసు అనుకుందాం. మొదటి లైన్ పబ్లిక్ అడ్రస్ 203.0.113.2, రెండోది 198.51.100.2. మొదటి లైన్ పోయింది, ట్రాఫిక్ రెండో లైన్ మీదకి మారింది. బ్రౌజింగ్ బాగుంది, మెయిల్ బాగుంది, ఫోన్లు మాత్రం రిజిస్టర్ అవడం లేదు. రూల్స్ చూస్తే రెండు లైన్లకీ న్యాట్ రూల్ చక్కగా ఉంది. అక్కడ గంట కూర్చున్నా ఏమీ దొరకదు. కన్‌ట్రాక్ టేబుల్‌లో ఒక ఫోన్ ఎంట్రీ తీసి చూడండి. అందులో రెండు సగాలుంటాయి. మొదటి సగంలో ఫోన్ లోపలి అడ్రస్ 192.168.10.71 నుంచి ఫోన్ సర్వీస్ అడ్రస్ 192.0.2.5కి, అటూ ఇటూ 5060 పోర్ట్. రెండో సగం జవాబు ఎలా రావాలో చెబుతుంది: 192.0.2.5 నుంచి ఎవరికి? అక్కడ ఇంకా 203.0.113.2 అనే ఉంటుంది. పక్కనే జవాబు రాలేదనడానికి గుర్తుగా ‘అన్‌రిప్లైడ్’ అని కూడా ఉండవచ్చు. అంటే ఫోన్ ప్యాకెట్లు రెండో లైన్ నుంచి బయటికి పోతున్నాయి, కానీ మొదటి లైన్ అడ్రస్ వేసుకుని పోతున్నాయి. రెండో లైన్ ఇచ్చేవాళ్లు వాటిని దొంగ అడ్రసులుగా చూసి పారేస్తారు. పారేయకపోయినా జవాబు చచ్చిన లైన్ వైపే వెళ్తుంది. ఫోన్ ఊరుకోకుండా అదే పోర్ట్ నుంచి అదే పోర్ట్‌కి పంపుతూ ఉంటుంది కాబట్టి ఆ పాత ఎంట్రీకి చావు లేదు. బ్రౌజర్ ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

ఇక్కడ రీస్టార్ట్ చేస్తే ఏమవుతుంది? టేబుల్ మొత్తం పోతుంది, ఫోన్లు పని చేస్తాయి. ‘చూశారా, రీస్టార్ట్‌తో పోయింది’ అంటారు. నిజమే, పోయింది. దాంతోపాటు సాక్ష్యం కూడా పోయింది. లైన్ మళ్లీ పడ్డప్పుడు మళ్లీ ఇదే. అసలు చేయాల్సింది లైన్ మారినప్పుడు పాత లైన్‌కి చెందిన ఎంట్రీలను తుడిచేసేలా ఏర్పాటు చేయడం. చాలా ఫైర్‌వాల్స్‌లో దీనికి ఒక సెట్టింగ్ ఉంటుంది, లేకపోతే చిన్న స్క్రిప్ట్ చాలు. అప్పటికప్పుడు కావాలంటే ఆ ఫోన్ల ఎంట్రీలు మాత్రమే తీయవచ్చు. లైనక్స్‌లో కన్‌ట్రాక్ కమాండ్‌తో, సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో ‘క్లియర్ కన్’, ‘క్లియర్ ఎక్స్‌లేట్’లతో అడ్రస్ ఇచ్చి మరీ తీయవచ్చు. ఫోర్టీగేట్ ఫైర్‌వాల్‌లో ముందు ఏ సెషన్లో చెప్పే ఫిల్టర్ పెట్టి, ఆ తర్వాతే సెషన్లు క్లియర్ చేయాలి. ఫిల్టర్ పెట్టడం మరిచి ఎంటర్ కొడితే ఆఫీసు మొత్తం సెషన్లు ఎగిరిపోతాయి. ఏది తీసినా, తీయబోయే ముందు ఆ ఎంట్రీని కాపీ చేసి టికెట్‌లో పెట్టండి. రెండు నిమిషాల పని. మేనేజర్ పక్కన నిలబడి ‘రీస్టార్ట్ కొట్టేయండి’ అంటున్నప్పుడు ఆ రెండు నిమిషాలు అడగడానికి కొంచెం ధైర్యం కావాలి. అడగాల్సిందే.

ఇక క్యాప్చర్, అంటే ప్యాకెట్లు పట్టి చూడడం సంగతి. ఒక్క వైపే పట్టి చూస్తే సగమే తెలుస్తుంది. బయటి ఇంటర్‌ఫేస్ మీద ఒకటి, లోపలి ఇంటర్‌ఫేస్ మీద ఒకటి, రెండూ ఒకేసారి నడపాలి. ఫిల్టర్ రాసేటప్పుడు చాలామంది ఒక చోట జారతారు. లోపలి కంప్యూటర్ అడ్రస్‌తోనే బయటి వైపు కూడా వెతుకుతారు, ఏమీ కనిపించక ‘ప్యాకెట్ బయటికే పోవట్లేదు’ అని తేల్చేస్తారు. బయటికి వచ్చేసరికి ఆ అడ్రస్ మారిపోయి ఉంటుంది కదా. బయటి వైపు అవతలి సర్వర్ అడ్రస్‌తో వెతకాలి. ఇంకో జాగ్రత్త, కొన్ని పెట్టెల్లో సెషన్ ఒకసారి కుదిరాక మిగతా ప్యాకెట్లను ప్రత్యేకమైన చిప్‌కి అప్పగించేస్తారు. ఫోర్టీగేట్‌లో అలా వెళ్లిపోయినవి ప్యాకెట్లు పట్టే స్నిఫర్‌కి కనిపించవు. మొదటి రెండు మూడు ప్యాకెట్లు కనిపించి ఆ తర్వాత నిశ్శబ్దం అయిపోతే, కనెక్షన్ తెగిపోయిందని కంగారు పడకుండా, ఆ పాలసీకి (రూల్‌కి) ఆఫ్‌లోడ్, అంటే చిప్‌కి అప్పగించడం, ఆపి మళ్లీ చూడాలి.

బయటి నుంచి మన సర్వర్‌కి కనెక్షన్ రావడం లేదు అన్న ఫిర్యాదునే తీసుకోండి. బయటి క్యాప్చర్‌లో కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్టే అసలు రాలేదంటే మన న్యాట్ రూల్ ఎంత బాగున్నా అనవసరం, సమస్య మన కంటే ముందే ఉంది. అప్పుడు నేను మొదట చూసేది బయటి ఇంటర్‌ఫేస్‌కి ఉన్న అడ్రస్. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లే వాళ్ల వైపు ఇంకో న్యాట్ నడుపుతున్నారని అర్థం. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ఆ రేంజ్‌ని అందుకే పక్కన పెట్టింది. బయటి నుంచి వచ్చేవాటిని లోపలి సర్వర్‌కి పంపే పోర్ట్ ఫార్వార్డులు మనం ఎన్ని రాసుకున్నా బయటివాళ్లు మన తలుపు దాకా రాలేరు. పబ్లిక్ అడ్రస్ అడిగి తీసుకోవాల్సిందే.

రెండోది ఏఆర్‌పీ, అంటే ఒక ఐపీ అడ్రస్ ఏ పెట్టెదో పక్క పెట్టెలు అడిగి తెలుసుకునే పద్ధతి. ఇంటర్‌ఫేస్‌కి 203.0.113.2 ఉంది, సర్వర్ కోసం అదే బ్లాక్‌లోని 203.0.113.10 వాడారు. అవతలి రౌటర్ ‘203.0.113.10 ఎవరిది?’ అని అడుగుతూ ఉంటుంది. ఫైర్‌వాల్ ‘నాది’ అని జవాబివ్వాలి. ఇవ్వకపోతే క్యాప్చర్‌లో ఆ ప్రశ్న ఒక్కటే వరసగా కనిపిస్తుంది, జవాబు ఉండదు. ఆ అడ్రస్ తరఫున జవాబిచ్చే ప్రాక్సీ ఏఆర్‌పీ ఆన్ చేయడమో, ఆ అడ్రస్‌ని ఇంటర్‌ఫేస్‌కి అదనంగా తగిలించడమో చేయాలి. పాత ఫైర్‌వాల్ తీసి కొత్తది పెట్టిన రోజు దీనికి ఇంకో రూపం కనిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ అడ్రస్‌తో అంతా బాగానే నడుస్తుంది, అదనపు అడ్రసులు మాత్రం పలకవు. అవతలి రౌటర్ ఇంకా పాత పెట్టె హార్డ్‌వేర్ అడ్రస్‌నే, అంటే మ్యాక్ అడ్రస్‌నే గుర్తుంచుకుని ఉంటుంది. సిస్కో రౌటర్లలో ఏఆర్‌పీ ఎంట్రీ మామూలుగా 4 గంటలు ఉంటుంది. రాత్రి పెట్టె మార్చి, రూల్స్ అన్నీ తిరగరాసి, తెల్లవారుజామున ‘ఏం చేశానో తెలియదు, పని చేసింది’ అనే వాళ్లలో చాలామందికి నిజంగా పని చేసింది ఆ 4 గంటలే. ఎవరూ అడగకుండానే ‘ఇది నాది’ అని చెప్పే గ్రాట్యుటస్ ఏఆర్‌పీ పంపించడమో, అవతలివాళ్లకి ఫోన్ చేసి ఏఆర్‌పీ క్లియర్ చేయించడమో చేస్తే నిమిషంలో అయ్యే పని.

సిన్ బయటి నుంచి వచ్చింది, లోపలి వైపు సర్వర్ అడ్రస్‌తో వెళ్లింది కూడా, కానీ సర్వర్ నుంచి జవాబు లేదు. అప్పుడు ఫైర్‌వాల్‌ని వదిలేయండి. అది తన పని చేసింది. సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే ఏది? ఆఫీసులో రెండో రౌటర్ ఉండి, సర్వర్ జవాబుని అటు పంపిస్తుంటే, ఇక్కడ టేబుల్‌లో ఎంట్రీ సగంలోనే ఆగిపోతుంది. సర్వర్‌లోని విండోస్ ఫైర్‌వాల్ సొంత సబ్‌నెట్ వాళ్లకే ఆ పోర్ట్ తెరిచి ఉందా? లోపలి నుంచి టెస్ట్ చేసినప్పుడు పని చేసి, బయటి నుంచి చేయకపోవడానికి ఇది చాలా మామూలు కారణం.

దీనికి తలకిందులుగా ఇంకోటి ఉంది. బయటివాళ్లకి సైట్ బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది, ఆఫీసులో కూర్చున్నవాళ్లకి మాత్రం రాదు. సర్వర్ 192.168.10.20, కంప్యూటర్ 192.168.10.55, ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారు. సైట్ పేరు మాత్రం పబ్లిక్ అడ్రస్ 203.0.113.10కి తేలుతుంది. కంప్యూటర్ ఆ అడ్రస్‌కి సిన్ పంపింది. ఫైర్‌వాల్ గమ్యాన్ని 192.168.10.20గా మార్చి లోపలికే తిప్పి పంపింది. సోర్స్ మాత్రం 192.168.10.55గానే ఉంది. సర్వర్ చూసింది, ‘ఇతను నా పక్కవాడే’ అని సిన్‌కి జవాబైన సిన్ యాక్‌ని ఫైర్‌వాల్‌కి ఇవ్వకుండా నేరుగా కంప్యూటర్‌కి ఇచ్చేసింది. కంప్యూటర్ ఎదురుచూస్తున్నది 203.0.113.10 నుంచి జవాబు కోసం. 192.168.10.20 నుంచి వచ్చినది దానికి సంబంధం లేని ప్యాకెట్, అందుకే కనెక్షన్ తెంపే రీసెట్ కొట్టింది. కంప్యూటర్ మీద క్యాప్చర్ పెడితే ఈ మూడు ప్యాకెట్లూ వరసగా కనిపిస్తాయి: ఒక అడ్రస్‌కి సిన్, వేరే అడ్రస్ నుంచి సిన్ యాక్, వెంటనే రీసెట్. ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోరు. రూల్స్ పేజీలో ఇది కనిపించే అవకాశమే లేదు, ఎందుకంటే తప్పు ఫైర్‌వాల్‌ని తాకకుండా పోయిన ప్యాకెట్‌లో ఉంది.

దీనికి మందులు మూడు. హెయిర్‌పిన్ న్యాట్ పెట్టి సోర్స్‌ని కూడా ఫైర్‌వాల్ లోపలి అడ్రస్‌గా మార్చడం ఒకటి, పేర్లకి అడ్రసులు చెప్పే ఆఫీసు డీఎన్‌ఎస్‌లో ఆ పేరుకి లోపలి అడ్రస్ ఇవ్వడం ఇంకోటి. మూడోది, సర్వర్‌ని బయటికి తెరిచే సర్వర్ల కోసం విడిగా ఉంచే సబ్‌నెట్‌కి, అంటే డీఎంజెడ్‌కి మార్చడం. మొదటిది అన్నిటికంటే సులువు కాబట్టి అందరూ అదే చేస్తారు. నా ఓటు మాత్రం డీఎంజెడ్‌కే. హెయిర్‌పిన్ పెడితే సర్వర్ లాగ్స్‌లో లోపలివాళ్లందరూ ఫైర్‌వాల్ అడ్రస్‌తోనే కనిపిస్తారు. రేపు ఎవరి కంప్యూటర్ నుంచి వరసగా తప్పు పాస్‌వర్డులు వస్తున్నాయో చూడాల్సి వస్తే ఆ లాగ్ ఎందుకూ పనికిరాదు. పైగా ఇంటర్నెట్‌కి తెరిచిన సర్వర్‌ని ఉద్యోగుల కంప్యూటర్ల మధ్యలో పెట్టడమే అసలు తప్పు.

రూల్స్ చదవక తప్పని సందర్భాలు లేకపోలేదు. అప్పుడు కూడా మీ పెట్టె ఏ వరసలో పని చేస్తుందో తెలియకుండా చదివితే లాభం లేదు. లైనక్స్‌లో ముందు గమ్యం అడ్రస్ మారుతుంది, తర్వాత రూటింగ్, ఆ తర్వాత ఫార్వర్డ్ రూల్స్, చివర్లో సోర్స్ అడ్రస్ మారుతుంది. కాబట్టి ఫార్వర్డ్ రూల్‌లో సర్వర్ లోపలి అడ్రస్ రాయాలి. పాలో ఆల్టో ఫైర్‌వాల్‌లో సెక్యూరిటీ రూల్‌కి మారక ముందున్న పబ్లిక్ అడ్రస్ ఇవ్వాలి, జోన్ (ఇంటర్‌ఫేస్‌ల గుంపు) మాత్రం మారిన తర్వాతది ఇవ్వాలి. మొదటిసారి చూసినవాళ్లకి ఇది తప్పుగా రాసినట్టే కనిపిస్తుంది, కానీ అదే సరైనది. సిస్కో ఏఎస్‌ఏలో 2010లో వచ్చిన 8.3 వెర్షన్‌కి ముందు ఎవరిని వదలాలో చెప్పే ఏసీఎల్‌లో పబ్లిక్ అడ్రస్ రాసేవారు, 8.3 నుంచి అసలు అడ్రస్ రాయాలి. ఒక పెట్టె మీద పదేళ్లు చేయి తిరిగినవాళ్లు ఇంకో పెట్టె దగ్గర తడబడేది ఇక్కడే. ఏఎస్‌ఏలో ప్యాకెట్ ట్రేసర్, ఫోర్టీగేట్‌లో డీబగ్ ఫ్లో లాంటివి ప్యాకెట్ ఏ రూల్‌కి తగిలిందో, ఎక్కడ ఆగిందో వరసగా చెబుతాయి. నేను కళ్లతో రూల్స్ చదవడం కంటే వాటినే ఎక్కువ నమ్ముతాను.

వరస తప్పితే ఏమవుతుందో, రెండు ఆఫీసులను ఇంటర్నెట్ మీదుగా టన్నెల్‌తో కలిపే వీపీఎన్ దగ్గర బాగా తెలుస్తుంది. అవతలి ఆఫీసు 10.20.0.0/16, మనది 192.168.10.0/24. టన్నెల్ సెట్టింగ్స్ రెండు వైపులా సరిపోయాయి, అయినా ట్రాఫిక్ పోదు. అందరినీ ఇంటర్నెట్‌కి పంపే మామూలు న్యాట్ రూల్ పైన ఉంటే, అవతలి ఆఫీసుకి వెళ్లాల్సిన ప్యాకెట్‌కి కూడా ముందే పబ్లిక్ అడ్రస్ పడిపోతుంది. ఆ అడ్రస్ టన్నెల్ లిస్ట్‌లో లేదు, కాబట్టి ప్యాకెట్ టన్నెల్‌లోకి పోదు. బయటి ఇంటర్‌ఫేస్ క్యాప్చర్‌లో 10.20 అడ్రస్‌కి మన పబ్లిక్ అడ్రస్‌తో, టన్నెల్ బయటే పోతున్న ప్యాకెట్ కనిపిస్తే ఇదే కారణం అని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. వీపీఎన్‌కి న్యాట్ వద్దు అనే రూల్ అన్నిటికంటే పైన ఉండాలి.

ఇక టైమౌట్లు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే రకం ఇదే, ఎందుకంటే తప్పు ఒకరిదైతే తిట్లు ఇంకొకరికి పడతాయి. అప్లికేషన్ సర్వర్ ఒక నెట్‌వర్క్‌లో, డేటాబేస్ ఫైర్‌వాల్‌కి అవతల. పొద్దున అంతా బాగుంటుంది. కాసేపు ఎవరూ వాడకుండా ఉండి, మధ్యాహ్నం మొదటి రిపోర్ట్ నొక్కగానే స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. చాలాసేపటికి ఎర్రర్. మళ్లీ నొక్కితే క్షణంలో వస్తుంది. డెవలపర్లని డేటాబేస్ వాళ్లు తిడతారు, వాళ్లని వీళ్లు తిడతారు. జరిగేది ఇది: ఏఎస్‌ఏ, ఫోర్టీగేట్, పాలో ఆల్టోల్లో మామూలు సెట్టింగ్స్ ప్రకారం ఖాళీగా ఉన్న టీసీపీ సెషన్‌ని ఒక గంటకి టేబుల్ నుంచి తీసేస్తారు. ఖాళీ కనెక్షన్‌ని బతికించే చిన్న ప్యాకెట్లను, అంటే కీప్‌అలైవ్‌ని, లైనక్స్ సర్వర్ మొదలుపెట్టేది 7200 సెకన్లకి, అంటే 2 గంటలకి, అదీ అప్లికేషన్ అడిగితేనే. గంట దాటాక అప్లికేషన్ పాత కనెక్షన్ మీదే ప్రశ్న పంపుతుంది. ఫైర్‌వాల్‌కి ఆ కనెక్షన్ గుర్తులేదు, మౌనంగా పారేస్తుంది. లైనక్స్ మళ్లీ మళ్లీ పంపుతూ, మామూలు సెట్టింగ్స్‌లో దాదాపు 15 నిమిషాల దాకా ఆశ వదులుకోదు.

2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5382 దీని గురించి స్పష్టంగా చెప్పింది: కుదిరిన టీసీపీ కనెక్షన్‌ని న్యాట్ పెట్టె 2 గంటల 4 నిమిషాల కంటే ముందు మరిచిపోకూడదు. ఆ 2 గంటలు కీప్‌అలైవ్ లెక్క నుంచి వచ్చినవే. మన పెట్టెలు గంటకే మరిచిపోతున్నాయి. అలాగని టైమౌట్ అందరికీ పెంచేస్తే టేబుల్ నిండిపోతుంది. ఆ డేటాబేస్ పాలసీకి మాత్రం పెంచడమో, అంతకంటే మంచిది అప్లికేషన్ వైపు కీప్‌అలైవ్‌ని పది నిమిషాలకి తగ్గించడమో చేయాలి. టీసీపీలా కనెక్షన్ కుదుర్చుకోని యూడీపీకి ఆర్‌ఎఫ్‌సీ 4787 కనీసం 2 నిమిషాలు ఉంచాలంటుంది, 5 నిమిషాలు మేలంటుంది. 30 సెకన్లకే తుడిచే పెట్టెలున్నాయి. న్యాట్ వెనకున్న ఐపీసెక్ వీపీఎన్ మామూలుగా 20 సెకన్లకొకసారి చిన్న ప్యాకెట్ పంపి ఎంట్రీని బతికించుకోవడానికి కారణం ఇలాంటి పెట్టెలే.

పోర్టులు అయిపోవడం పెద్ద ఆఫీసుల్లో వస్తుంది. పబ్లిక్ అడ్రస్ ఒక్కదానికి ఒక ప్రోటోకాల్‌లో 65,535 పోర్టులే ఉంటాయి, అందులో న్యాట్ వాడుకోగలిగినవి ఇంకొంచెం తక్కువ. కొన్ని పెట్టెలు గమ్యం వేరైతే అదే పోర్ట్‌ని మళ్లీ వాడతాయి, అయినా ఆఫీసంతా ఒకే క్లౌడ్ సర్వీస్‌కి వెళ్తే ఆ తెలివి అక్కరకు రాదు. పీక్ టైమ్‌లో కొన్ని పేజీలు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోవడం దీని లక్షణం. ‘నెట్ స్లో’ అని బ్యాండ్‌విడ్త్ పెంచేస్తారు, డబ్బు దండగ. ఇంకో పబ్లిక్ అడ్రస్ కలిపి పూల్ పెట్టాలి. పెట్టేటప్పుడు ఒక మనిషికి ఒకే పబ్లిక్ అడ్రస్ దక్కేలా చూడాలి. లేకపోతే లాగిన్ ఒక అడ్రస్ నుంచి, తర్వాతి క్లిక్ ఇంకో అడ్రస్ నుంచి వెళ్లి, కొన్ని సైట్లు బయటికి నెట్టేస్తాయి.

ఫోన్ కలుస్తుంది కానీ ఒకరి మాటే వినిపిస్తుంది అంటే ముందు ఫైర్‌వాల్‌లో సిప్ ఏఎల్‌జీని, అంటే ఐపీ ఫోన్ల సిప్ మెసేజ్‌లను సవరించే సదుపాయాన్ని, ఆపి చూడండి. సిప్ మెసేజ్ లోపల కూడా అడ్రస్ ఉంటుంది, దాన్ని మార్చబోయి చాలా పెట్టెలు పాడు చేస్తాయి. ఇప్పటి ఫోన్ సర్వర్లు న్యాట్‌ని వాటంతట అవే చూసుకోగలవు.

న్యాట్ ఉంది కాబట్టి సెక్యూరిటీ ఉంది అనే మాట ఇప్పటికీ వింటుంటాను. కాపాడేది ఫిల్టర్ రూల్స్, న్యాట్ కాదు. పాత పోర్ట్ ఫార్వార్డులు చూస్తే ఇది అర్థమవుతుంది. ఎప్పుడో ఒక టెస్ట్ సర్వర్‌కి 192.168.10.40 ఇచ్చి బయటికి తెరిచారు. ఆ సర్వర్ పోయింది, రూల్ ఉండిపోయింది. కొన్నాళ్లకి అదే అడ్రస్ అకౌంట్స్ వాళ్ల కంప్యూటర్‌కి వచ్చింది. ఇప్పుడు న్యాట్ దాన్ని కాపాడడం లేదు, ప్రపంచానికి చూపిస్తోంది. ప్రతి రూల్ పక్కనా ఎవరు అడిగారో, ఎందుకో, ఎప్పుడు తీయాలో రాసి ఉంచమని నేను పట్టుబట్టేది అందుకే. రూల్ ఎన్నిసార్లు తగిలిందో చెప్పే హిట్ కౌంటర్ చూసి, చాలాకాలంగా ఎవరూ వాడని రూల్‌ని ముందు డిసేబుల్ చేసి, ఎవరూ అడగకపోతే తీసేయాలి.

బోలెడు అడ్రసులున్న కొత్త పద్ధతి ఐపీవీ6 వస్తే ఇదంతా పోతుంది కదా, ఇప్పుడు నేర్చుకోవడం ఎందుకు అని కొందరు అడుగుతారు. కొంత పోతుంది. హెయిర్‌పిన్ గొడవ ఉండదు, పోర్టులు అయిపోవడం ఉండదు, రెండు ఆఫీసులూ ఒకే 192.168.1.0/24 పెట్టుకుని వీపీఎన్ దగ్గర కొట్టుకోవడం ఉండదు. కనెక్షన్లను గుర్తుంచుకునే స్టేట్‌ఫుల్ ఫైర్‌వాల్ మాత్రం ఎక్కడికీ పోదు. దాని సెషన్ టేబుల్ అలాగే ఉంటుంది, గంట టైమౌట్ అలాగే ఉంటుంది, జవాబు వేరే రౌటర్ నుంచి వెళ్లిపోతే కనెక్షన్ అలాగే తెగుతుంది. అప్పుడు కూడా రెండు వైపులా క్యాప్చర్ పెట్టాల్సిందే. తేడా అల్లా, అడ్రస్ రెండు వైపులా ఒకటే కాబట్టి ఫిల్టర్ ఒకసారి రాస్తే సరిపోతుంది.